లేబర్ రూమ్ దాకా ఆగొద్దు

(తిరుపతిలో నర్సింగ్ విద్యార్థులకు, స్టాఫ్ నర్సులకు మే 5న చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక వరసలో నలుగురైదుగురు అబ్బాయిలు కనిపిస్తున్నారు, ముందుకు రండి నాయనా. కాన్పుల సంగతి మాకెందుకులే అనుకుంటున్నట్టున్నారు. రేపు మీరు ఏ పీహెచ్‌సీలోనో నైట్ డ్యూటీలో ఉండగా 108 వచ్చి వాకిట్లో ఆగిందనుకోండి. డ్యూటీలో ఉన్నది మగపిల్లవాడని నొప్పులు ఆగవు. (నవ్వులు)

మే 12 నైటింగేల్ పుట్టినరోజు, నర్సుల దినం. ఆ రోజు మనకు కేకు కోస్తారు, శాలువా కప్పుతారు. దానికి వారం ముందు వచ్చే ఈ మే 5, కాన్పులు చేసే మిడ్‌వైఫ్‌ల అంతర్జాతీయ దినం, ఆసుపత్రుల్లో కూడా చాలామందికి గుర్తుండదు. మన రిజిస్ట్రేషన్‌లో మాత్రం రెండూ ఉంటాయి: రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్. మొదటి సగంతోనే ఉద్యోగం గడిచిపోతుంది కాబట్టి రెండో సగం మరుగున పడింది. నేను మాట్లాడబోయేది దాని గురించే.

ముందు అంకెలు చెప్పేస్తాను, తర్వాత వాటి జోలికి పోను. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద 21.5. అంటే దాదాపు రెట్టింపు. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రులను విడిగా చూస్తే 63 శాతం. జనాభా మొత్తంలో సిజేరియన్లు పది శాతం దాటాక, అవి ఇంకా పెరిగినా తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. మీటింగుల్లో ఈ ముక్క అందరూ చదువుతారు. అదే ప్రకటనలో ఇంకో మాట ఉంది, దాన్ని వదిలేస్తారు. ఫలానా శాతం అందుకోవాలని పాకులాడకండి, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేలా చూడండి అని.

నా వరకు ఈ రెండో మాటే ముఖ్యం. శాతం తగ్గించడం నర్సు పని కాదు. ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది డాక్టరమ్మ నిర్ణయం. కానీ భయంతో అడిగి చేయించుకునే ఆపరేషన్లున్నాయి, ఏమీ తెలియక తలూపేసే ఆపరేషన్లున్నాయి. వాటి విషయంలో మనం చేయగలిగింది చాలా ఉంది. అది లేబర్ రూమ్‌లో మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

అట్లాగని ఇంకో కొసకు కూడా పోవద్దు. "మా అవ్వ కయ్యలో నాటు వేస్తా వేస్తా గట్టు మీదికి పోయి కనేసి, సాయంత్రానికి ఇంటికొచ్చి సంగటి కెలికింది" అని చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. బతికిన అవ్వలు చెప్పుకున్నారు. కాన్పులో పోయిన అవ్వలు చెప్పుకోలేరు గదా! మన పక్కనే రాయవేలూరు ఉంది. చిత్తూరు వాళ్ళకు జబ్బు చేస్తే బస్సెక్కేది అక్కడికే. అక్కడి పెద్దాసుపత్రి సీఎంసీ ఎట్లా పుట్టిందో తెలుసా? 1890లలో తిండివనంలో ఐడా స్కడర్ అనే అమ్మాయి తల్లిదండ్రుల దగ్గర ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, భార్యకు కాన్పు కష్టమైంది, నువ్వు రావాలి అని అడిగారు. ఆమె డాక్టరు కాదు, వాళ్ళ నాన్న డాక్టరు. మగ డాక్టరు మా ఆడవాళ్ళను ముట్టుకోవడానికి వీల్లేదన్నారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. తర్వాత ఆమె వైద్యం చదువుకొని వచ్చి 1900లో వేలూరులో పని మొదలుపెట్టింది, 1909లో నర్సింగ్ స్కూలు పెట్టింది. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకు దేశంలో 97 మంది తల్లులు చనిపోతే మన రాష్ట్రంలో 45 మంది. రక్తం, థియేటర్, 108, చదువుకున్న నర్సు ఉండబట్టే అప్పటికీ ఇప్పటికీ ఆ తేడా. సహజ కాన్పు అంటే వీటన్నిటినీ పక్కన పెట్టుకొని, అవసరం పడేదాకా వాటి జోలికి పోకుండా ఉండటం. వాటిని వద్దనుకోవడం కాదు.

ఇప్పుడు భయం సంగతి. అది పుట్టేది ఓపీ వరండాలో. బెంచీ మీద పదిమంది కడుపుతో ఉన్నవాళ్ళు, పక్కన వాళ్ళ అమ్మలు, అత్తలు. స్కాన్ రిపోర్టు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోతుంటుంది. డాక్టరు గదిలోకి వెళ్ళే లోపలే అక్కడ సగం వైద్యం అయిపోతుంది! అక్కడ ఎక్కువగా వినిపించేది ఈ మాట. పుత్తూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మ నన్ను పట్టుకొని అడిగింది: "సిస్టరమ్మా, పేగు మెడకేసుకోనుండాదంట గదా. బిడ్డకు ఊపిరాడకపోతే ఎట్ల? కోసి తీసేయమని డాక్టరమ్మకు నువ్వన్నా చెప్పు తల్లీ." కూతురికి ఇరవై ఏళ్ళుంటాయేమో. కళ్ళనిండా నీళ్ళు, రెండు చేతులూ పొట్ట మీదే పెట్టుకొని ఉంది.

నేను చెప్పింది ఇంతే: "పాపా, లోపలున్న బిడ్డ నీలాగా నాలాగా ముక్కుతో ఊపిరి పీల్చదు. గాలీ తిండీ బొడ్డు తాడులోనించే పోతాయి. అందుకని మెడ చుట్టూ ఉన్నంత మాత్రాన గొంతు పిసికినట్టు కాదు. నలుగురైదుగురు పిల్లల్లో ఒకరు అట్లా మెడకేసుకునే పుడతారు. తల బయటికి రాగానే మేం వేలుతో తప్పిస్తాం. నొప్పులొచ్చినప్పుడు బిడ్డ గుండె చప్పుడు మాటిమాటికీ వింటాం. అది తగ్గితే అప్పుడు డాక్టరమ్మ చూసుకుంటుంది." వాళ్ళమ్మ కాసేపు ఆలోచించి, "మా చిన్నోడు కూడా అట్లనే పుట్టినాడు" అనింది. అంతే, ఆ బెంచీ మీద ఇంకో ఇద్దరు, మా వాడూ అంతే, మా పాపా అంతే అని మొదలుపెట్టారు. నేను చెప్పినదానికంటే వాళ్ళు చెప్పుకున్నదే బాగా పనిచేసింది. మీరూ అంతే చేయండి. భయపడే తల్లికి మీరొక్కరే చెప్పకండి, పక్కవాళ్ళ చేత కూడా చెప్పించండి.

రెండో భయం డేటు. స్కాన్ రిపోర్టులో రాసిన తేదీ రైలు టికెట్ మీద తేదీ లాగా అనుకుంటారు. సరిగ్గా ఆ రోజు పుట్టే పిల్లలు నూటికి ఐదుగురికి మించరు. ఆ తేదీ ఒక అంచనా అని, 41 వారాల దాకా బిడ్డ కదలికలు, ఉమ్మనీరు చూసుకుంటూ ఆగొచ్చని, ఆపైన నొప్పులు రప్పించే మందు గురించి డాక్టరు మాట్లాడతారని ఎనిమిదో నెలలోనే చెప్పిపెట్టాలి. డేటు దాటిన మర్నాడు ఇంటిల్లిపాదీ వచ్చి ఓపీ దగ్గర నిలబడ్డాక చెప్తే ఎవరి చెవికీ ఎక్కదు.

మూడోది ముహూర్తం. మనది తిరుపతి, నక్షత్రం చూడకుండా గడప దాటని ఊరు. దాన్ని ఎగతాళి చేయకండి, పోట్లాడకండి. కానీ ఒక విషయం గట్టిగా చెప్పండి. 39 వారాలు నిండకుండా నొప్పులు రాకముందే తీసిన బిడ్డకు ఊపిరితిత్తులు ఇంకా సిద్ధంగా ఉండకపోవచ్చు, ఆయాసం వచ్చి ఎన్ఐసీయూలో, అంటే పసిబిడ్డల అత్యవసర వార్డులో, పెట్టాల్సి రావచ్చు. మంచి నక్షత్రంలో పుట్టిన బిడ్డను తల్లి ఒళ్ళో కాకుండా అద్దాల పెట్టెలో చూడాల్సి వస్తుందంటే చాలామంది పెద్దవాళ్ళు ఆలోచనలో పడతారు. వాళ్ళకు బిడ్డ మేలే కావాలి కదా. వాళ్ళ కోరికను మన వైపు తిప్పుకోవాలి గానీ కొట్టిపారేస్తే పని జరగదు.

ఇక మనకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. తొలికాన్పు పుట్టింట్లో. మదనపల్లెలోనో బెంగళూరులోనో కాపురం, అక్కడే ఏడెనిమిది నెలలు చూపించుకోవడం, శ్రీమంతం కాగానే పాకాలకో చంద్రగిరికో రావడం. అంటే మన దగ్గరికి వచ్చేసరికి ఆమె మనకు కొత్త, మనం ఆమెకు కొత్త. అందుకే తల్లీబిడ్డ కార్డు చేతిలోకి తీసుకోగానే సంతకాలు లెక్కపెట్టకండి, చదవండి. హిమోగ్లోబిన్ ఎంత? 11 కంటే తక్కువైతే ఏం మాత్రలు వేసుకుంటోంది, నిజంగా వేసుకుంటోందా, మలబద్ధకం అని మానేసిందా? ఈ ప్రశ్న డాక్టరమ్మ ముందు అడిగితే "వేసుకుంటున్నా" అంటుంది. బీపీ పట్టీ కడుతూ మెల్లగా మీరడిగితే నిజం చెప్తుంది. రక్తం లేని తల్లికి సహజ కాన్పు గురించి ఎంత చెప్పినా లాభం లేదు, కాన్పు తర్వాత కొద్దిగా రక్తం పోయినా తట్టుకోలేదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణుల కోసం పెట్టే పీఎంఎస్ఎంఏ శిబిరం ఉంది. ఆ రోజు రద్దీ ఎక్కువే. కానీ పక్క ఊరి నుంచి పుట్టింటికి వచ్చినవాళ్ళు మనకు దొరికేదీ ఆ రోజే.

ఎప్పుడు రావాలి అన్నది కూడా ముందే చెప్పాలి. దొంగ నొప్పులకు వచ్చి చేరిపోతే, రెండు రోజులు మంచం మీద పడుకొని, పక్కవాళ్ళ అరుపులు విని, మూడో రోజుకు ఆమె "ఇంక నా వల్ల కాదు" అంటుంది. అసలు నొప్పులు ఇంకా మొదలే కాలేదు! ఊళ్ళోనే ఉన్నవాళ్ళకు, అంతా మామూలుగా ఉంటే, ఇట్లా చెప్పండి: ఐదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కొక్కటి నిమిషం దాకా ఉండే నొప్పులు గంటసేపు ఆగకుండా వస్తే బయల్దేరు. నాలుగడుగులు నడిస్తే, నీళ్ళు తాగి పడుకుంటే తగ్గిపోయేవి దొంగ నొప్పులు. కానీ తలకోన వైపు నుంచి వచ్చేవాళ్ళకూ, అడవి దాటి రావాల్సినవాళ్ళకూ ఇదే లెక్క చెప్పకండి. వాళ్ళు ముందే రావాలి. ఇక ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, తల పగిలిపోయేట్టు నొప్పి ఉండి కళ్ళు మసకలేసినా, బిడ్డ కదలడం తగ్గినా, నొప్పుల కోసం చూడకుండా ఎవరైనా సరే వెంటనే రావాలి. కదలికలు ఎట్లా చూసుకోవాలో చేసి చూపించండి. అన్నం తిన్నాక ఎడమ పక్కకు తిరిగి పడుకొని, చేయి పొట్ట మీద వేసుకొని, రెండు గంటల్లో పది కదలికలు వచ్చాయా లేదా అని.

సరే, లేబర్ రూమ్‌కు వద్దాం. పాత పుస్తకాల్లో మీరు గర్భసంచి ముఖద్వారం గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలని చదివుంటారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ లెక్కను పక్కన పెట్టింది. గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే చురుకైన నొప్పుల దశ మొదలైనట్టు, తొలికాన్పులో అక్కడి నుంచి 12 గంటల దాకా పట్టడం మామూలే అంది. 2020లో దానికి తగ్గట్టు కాన్పు ఎట్లా సాగుతోందో రాసే పాత పార్టోగ్రాఫ్ స్థానంలో లేబర్ కేర్ గైడ్ అనే కొత్త చార్టు ఇచ్చింది. ఆ చార్టులో నాకు నచ్చింది ఏమిటంటే, బిడ్డ గుండె చప్పుడు, నొప్పులు రాసే గళ్ళకంటే ముందే, పైనే కొన్ని గళ్ళున్నాయి: పక్కన తోడు ఉన్నారా, నొప్పి తగ్గడానికి ఏమైనా చేశారా, తాగడానికి ఇచ్చారా, ఏ భంగిమలో ఉంది. మన దగ్గర ఇవన్నీ "టైముంటే చూద్దాం" లెక్కలో ఉండేవి. ఇప్పుడు అవి కూడా గుండె చప్పుడుతో పాటు రాయాల్సినవే.

తోడు గురించి గట్టిగా చెప్పాలి. ఒక్క సిస్టరు ఎన్ని మంచాలు చూసుకుంటుందో నాకు తెలుసు, మీకూ తెలుసు. ప్రతి తల్లి పక్కనా మనం కూర్చోలేం. కూర్చోగలిగినవాళ్ళు బయట కటకటాల దగ్గర నిలబడి ఏడుస్తుంటారు. వాళ్ళను లోపలికి తీసుకురావడానికి 2016లోనే కేంద్ర ప్రభుత్వం అనుమతించింది. కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషి ఎవరైనా ఉండొచ్చు, చాటు ఉన్నచోట భర్త కూడా ఉండొచ్చు. మొదటి నుంచి చివరిదాకా ఒక మనిషి పక్కనుంటే సహజ కాన్పులు పెరుగుతాయని, ఆపరేషన్లు తగ్గుతాయని, నొప్పుల సమయం కూడా కొంత తగ్గుతుందని 2017 కాక్రేన్ సమీక్ష తేల్చింది. 15 వేల మందికి పైగా తల్లుల మీద జరిగిన పరిశోధనలు కలిపి చూసిన లెక్క అది. ఖర్చు ఒక ప్లాస్టిక్ కుర్చీ.

కాకపోతే తోడును ఊరికే నిలబెట్టకూడదు. భయపడే అమ్మను తెచ్చి పక్కన పెడితే ఇద్దరూ కలిసి ఏడుస్తారు. ఆమెకు పని ఇవ్వండి. "అమ్మా, నొప్పి వచ్చినప్పుడు నడుము కింద, ఇదిగో ఇక్కడ, అరచేత్తో గట్టిగా అదుముతూ ఉండు. నొప్పి పోగానే రెండు గుక్కలు నీళ్ళు తాగించు. గంటకోసారి లేపి బాత్‌రూమ్‌కు తీసుకుపో." అంతే, ఆమె ఏడుపు ఆగిపోతుంది.

నడవనివ్వండి. పక్కకు తిరిగి పడుకోనివ్వండి, మంచం పట్టుకొని ముందుకు వంగి నిలబడనివ్వండి. వెల్లకిలా పడుకోబెడితే మనకు చూడటానికి అనుకూలం, ఆమెకు కాదు. ఊపిరి ఎట్లా వదలాలో నొప్పి మధ్యలో పాఠం చెప్పకండి, వినిపించదు. మీరు ఆమె ముఖానికి ఎదురుగా వచ్చి, మీరే ముక్కుతో పీల్చి నోటితో నెమ్మదిగా వదలండి. మూడో నొప్పికల్లా ఆమె మిమ్మల్ని చూసి చేస్తుంది.

ఒక దశ వస్తుంది, ఏడెనిమిది సెంటీమీటర్ల దగ్గర. అప్పటిదాకా ఓర్చుకున్న మనిషి ఉన్నట్టుండి వణుకుతుంది, వాంతి చేసుకుంటుంది, వాళ్ళమ్మను కూడా తోసేస్తుంది. "నా వల్ల కాదు సిస్టర్, కోసేయండి, నన్ను ఇంటికి పంపించేయండి" అంటుంది. కొత్త సిస్టర్లు ఆ మాటకు బెదిరిపోయి డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తుతారు. బయట అత్త, భర్త తలుపు బాదుతుంటారు. ముందు బిడ్డ గుండె చప్పుడు వినండి, 110 నుంచి 160 మధ్య ఉందా, నొప్పి అయిపోగానే తగ్గుతోందా చూడండి. ఆమె బీపీ, నాడి చూడండి. అన్నీ బాగుంటే ఆ మాటకు అర్థం, చివరికి వచ్చేసిందని. ఆమెకు అదే చెప్పండి: "ఈ మాట అన్నావంటే దగ్గరికొచ్చేశావని లెక్క పాపా. అందరూ ఇక్కడే ఈ మాట అంటారు." బయటకు వెళ్ళి వాళ్ళ ఆయనకూ అదే చెప్పండి. ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం ఎవరూ చెప్పకపోవడం వల్ల వాళ్ళు ఆపరేషన్‌కు సంతకం పెట్టేస్తామని మొండికేసిన సందర్భాలు నేను చూశాను.

ఇంకోటి చెప్పాలి, ఇబ్బందిగా ఉన్నా సరే. మనలో కొందరు లేబర్ రూమ్‌లో వాడే మాటలు. "అప్పుడు తెలీలేదా?" అనేది. ఇంకా హీనంగా కూడా అంటారు, ఇక్కడ చెప్పలేను. తొడ మీద చరచడం, అరిస్తే అరవడం. పని ఒత్తిడి ఉంది, నిజమే. నీళ్ళు లేవు, ఏసీ లేదు, రిలీవర్ రాలేదు, అన్నీ నిజమే. కానీ ఆ ఒక్క మాట ఊరంతా తిరుగుతుంది. ఆ అమ్మాయి చెల్లెలు, వదిన, ఎదురింటి పిల్ల, అందరూ "నార్మల్ అయితే వాళ్ళతో తిట్లు తినాల, ఆపరేషన్ అయితే మత్తులో తెలీకుండా అయిపోతుంది" అని నిర్ణయించుకుంటారు. లేబర్ రూమ్‌ల నాణ్యత పెంచడానికి 2017లో కేంద్రం తెచ్చిన లక్ష్య కార్యక్రమంలో తల్లిని గౌరవంగా చూడటం కూడా నాణ్యతలో భాగమని పెట్టింది ఇందుకే. పక్క సిస్టరు ఆ మాట అంటుంటే ఊరుకోకండి. అందరి ముందు కాదు, డ్యూటీ అయ్యాక టీ దగ్గర చెప్పండి.

బిడ్డ వచ్చే సమయం గురించి త్వరగా చెప్పేస్తాను, ఇది మీ పాఠాల్లో ఎటూ ఉంది. ముక్కాలన్న ఒత్తిడి ఆమెకు వచ్చేదాకా "ముక్కు, ముక్కు" అని వెంటపడకండి. పొట్ట మీద మోచేత్తో నొక్కడం ఎంత పెద్దవాళ్ళు చెప్పినా చేయకండి. బిడ్డ వచ్చే దారి దగ్గర కోత అందరికీ పెట్టాల్సిన పని లేదు, అవసరమైనవాళ్ళకే. బిడ్డను తుడిచి తల్లి రొమ్ముల మీద పడుకోబెట్టండి, అంతా బాగుంటే బొడ్డు తాడు కోయడానికి ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగండి, రక్తం ఎక్కువగా పోకుండా ఆక్సిటోసిన్ 10 యూనిట్లు నిమిషంలోపే ఇవ్వండి, మొదటి గంటలోనే పాలు పట్టించండి. ఏ బిడ్డో చెప్పడానికి బయటికి పరుగెత్తడం, స్వీటు డబ్బాకు డబ్బులు అడగడం ఆ తర్వాత. అసలు ఆ రెండోది వద్దే వద్దు. (నవ్వులు)

మీలో ఈ పని మీద ఇష్టం ఉన్నవాళ్ళకు 18 నెలల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ శిక్షణ ఉంది, 2018లో కేంద్రం దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. దాని గురించి మేడమ్ మధ్యాహ్నం మాట్లాడతారు.

చివరగా, ఇంత చేసినా ఆపరేషన్ అయినవాళ్ళ గురించి. బిడ్డ అడ్డం తిరిగి ఉండొచ్చు, మాయ కిందికి ఉండొచ్చు, గుండె చప్పుడు పడిపోవచ్చు. ఆమె పది గంటలు ఓర్చుకొని థియేటర్‌కు వెళ్ళి వచ్చింది. వార్డులో పక్క మంచం ఆమె "నాకు నార్మల్, నాలుగు గంటల్లో అయిపోయింది" అని చెప్తుంటే ఈమె గోడ వైపు తిరిగి పడుకుంటుంది. మనం సహజ కాన్పు గురించి ఎక్కువగా చెప్పిన తల్లులే ఎక్కువగా బాధపడతారు, అది గుర్తుపెట్టుకోండి. ఎందుకు ఆపరేషన్ చేయాల్సి వచ్చిందో ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి, డిశ్చార్జి కార్డులో కూడా ఆ కారణం స్పష్టంగా ఉందో లేదో చూడండి. లేకపోతే డాక్టరమ్మను అడిగి రాయించండి. రెండోసారి కడుపు వచ్చినప్పుడు సహజ కాన్పుకు ప్రయత్నించవచ్చా లేదా అని డాక్టరు చూసేవాటిలో ఆ వాక్యం ముఖ్యం. "సిజేరియన్" అని ఒక్క ముక్క రాసి పంపిస్తే, మూడేళ్ళ తర్వాత ఇంకో ఊళ్ళో ఇంకో సిస్టరు ఆ కార్డు పట్టుకొని ఏం చేస్తుంది?

ప్రశ్నలుంటే చీటీల మీద రాసి ఇవ్వండి. భోజనాల తర్వాత ఇదే హాల్లో నడుము ఎట్లా అదమాలో, పక్కకు తిరిగి ఎట్లా కాన్పు చేయాలో నేల మీద చాప వేసి చూపిస్తాను. పడుకోవడానికి ఒకరు కావాలి. ముందు వరసలోకి వచ్చిన అబ్బాయిల్లో ఎవరైనా సరే. (నవ్వులు)